గూటికి చేరే పావురం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఎక్కడ వదిలినా గూటికి తిరిగొచ్చే పందెం పావురాల (హోమర్ల) గురించి నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు “ఏ మందు వేయాలి?” అనే అడిగారు. మందు అవసరమైన చోట పేరు, మోతాదు చెప్పాం. అయితే ఆ ఉత్తరాలు జాగ్రత్తగా చదివితే, జబ్బు పావురం దాకా రాకముందే నీళ్ల గిన్నెలోనో, రేకుల కప్పులోనో, చెమ్మగిల్లిన దాణా బస్తాలోనో కనిపిస్తోంది. ముందు అక్కడ సరిచేయండి.

*ప్రశ్న: మా హోమర్ పిల్లలు 12–15 రోజుల వయసులో మేత మింగలేక, నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ చనిపోతున్నాయి. గొంతులో పసుపుపచ్చని ముద్ద కనిపిస్తోంది. కోళ్ల మందుల దుకాణంలో ఇచ్చిన యాంటీబయోటిక్ పొడి నాలుగుసార్లు నీళ్లలో కలిపాం. తగ్గలేదు. తల్లీ తండ్రీ మాత్రం బాగానే ఉన్నాయి. – మిర్యాలగూడ పాఠకుడు*

జవాబు: మీరు చెప్పిన గుర్తులు క్యాంకర్‌వి. ట్రైకోమోనాస్ అనే ఏకకణ క్రిమి వల్ల వస్తుంది. అది బాక్టీరియా కాదు కనుక యాంటీబయోటిక్ పొడి నాలుగుసార్లు కాదు, నలభైసార్లు వేసినా దాన్ని ముట్టుకోదు. పైగా పేగుల్లో ఉండే మేలు చేసే సూక్ష్మజీవులు ఆ పొడికి చచ్చిపోయి పిల్ల మరింత నీరసిస్తుంది. ఆ పొడి ఈరోజే ఆపండి.

తల్లీ తండ్రీ బాగున్నాయని వాటిని వదిలేయకండి. పెద్ద పావురాల్లో చాలావాటి గొంతులో ఈ క్రిమి ఏ గుర్తూ బయటపెట్టకుండా ఉండిపోతుంది. తల్లీ తండ్రీ తమ గొంతు సంచిలో ఊరించి, మొదటి వారం పిల్ల నోట్లో పెట్టే పావురం పాలతోనే లోపలికి దిగుతుంది. పెద్దవాటి మధ్య నీళ్ల గిన్నె ద్వారా పాకుతుంది. జబ్బుపడ్డ పిల్లకొక్కదానికే మందు వేస్తే తర్వాతి పొదుగులో కథ మళ్లీ మొదటికొస్తుంది. గూట్లో ఉన్న ప్రతి పావురానికీ అవే రోజుల్లో వేయాలి.

పనిచేసే మందు మెట్రోనిడజోల్. కిలో బరువుకు సుమారు 50 మిల్లీగ్రాములు లెక్క. హోమర్ 400 నుంచి 500 గ్రాములు తూగుతుంది కాబట్టి 200 మిల్లీగ్రాముల మాత్రను 8 భాగాలు చేసి ఒక భాగం, రోజుకు ఒక్కసారి, వరుసగా 5 రోజులు. రెండు వారాల పిల్లకు అందులో సగం. మాత్రను అంత సన్నగా కోయలేకపోతే, 5 మిల్లీలీటర్లలో 200 మిల్లీగ్రాములు ఉండే సిరప్ తీసుకుని సూది తీసేసిన సిరంజితో పెద్దదానికి 0.6 మిల్లీలీటరు, పిల్లకు 0.3 మిల్లీలీటరు ఇవ్వండి. నాలుక మొదట్లో కనిపించే చిన్న రంధ్రం ఊపిరి గొట్టానిది. సిరంజి కొసను దాన్ని దాటించి గొంతులో వదలాలి. మందు దాంట్లోకి పోతే క్యాంకర్ కంటే ముందు అదే చంపుతుంది. మోతాదు పెంచినా త్వరగా తగ్గదు, పావురం తూలడం, తల వణకడం మొదలవుతుంది.

మందు మొదలుపెట్టే ముందు ఒక పిల్లను పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. గొంతులోంచి తీసిన తడిని అప్పటికప్పుడు మైక్రోస్కోపు కింద పెడితే క్రిములు కదలడం కనిపిస్తుంది. ఇది చూడటం అవసరం, ఎందుకంటే పావురాల మశూచి నోటి లోపల వచ్చినా ఇలాంటి పొరలే కడుతుంది. ముద్దను గోటితోనో అగ్గిపుల్లతోనో పీకకండి, దాని కింద రక్తనాళాలుంటాయి. మందు పనిచేస్తే అదే వదులై ఊడిపోతుంది.

ఇక నీళ్లు. ఈ క్రిమి ఎండితే చస్తుంది, తడిలో బతుకుతుంది. కాబట్టి నీళ్ల గిన్నెలు రెండు జతలు పెట్టుకోండి. ఒక జత వాడుతుంటే రెండోది పీచుతో రుద్ది, రోజంతా ఎండలో బోర్లించండి. లోపల చేత్తో తడిమితే జారుడుగా ఉందంటే అది కడిగిన గిన్నె కాదు. వారానికి రెండు రోజులు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల ఆపిల్ సైడర్ వెనిగర్ కలిపితే క్రిమికి అనుకూలం కాని పులుపు వస్తుంది. అది ప్లాస్టిక్ లేదా మట్టి గిన్నెలోనే, జింకు పూత ఉన్న రేకు గిన్నెలో కాదు. మీ ఊళ్లో పాత బావుల్లో, గుడి గోపురాల్లో ఉండే అడవి పావురాలు మీ డాబా మీద గింజలేరుకుని, మీ గిన్నెలోనే నీళ్లు తాగిపోతుంటాయి. దాణా, నీళ్లు జాలి లోపలే పెట్టండి. పెంపకం జతలకు ఏడాదికోసారి, గుడ్లు పొదుగుతున్న రెండో వారంలో డాక్టరు సలహాతో ఈ మందు వేస్తే పుట్టబోయే పిల్లకు పాలతో క్రిమి అందదు.

*ప్రశ్న: హైదరాబాద్ నుంచి మంచి రక్తం ఉన్న ఆరు పెద్ద హోమర్లు తెచ్చాను. 20 రోజులు గూట్లో పెట్టి, బాగా అలవాటయ్యాయనుకుని రెండింటిని వదిలాను. ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయాయి. మిగతా నాలుగింటిని ఎన్నాళ్లు కట్టేస్తే నిలుస్తాయి? – మహబూబ్‌నగర్ పాఠకుడు*

జవాబు: అవి దారి తప్పలేదు. ఇంటికి పోయాయి. మీ ఊరి నుంచి హైదరాబాద్ దాకా ఉన్న దూరం మంచి హోమర్‌కు గంటన్నర పని. అమ్మినవారికి ఫోన్ చేసి అడగండి, చాలావరకు అక్కడే ఉంటాయి.

హోమర్‌కు తాను మొదటిసారి రెక్క విప్పి చూసిన ఆకాశమే ఇల్లు. ఏడాది ఎగిరిన పావురాన్ని మీరు ఆరు నెలలు మూసినా ఆ గుర్తు చెరగదు. రెండు మూడు పొదుగులయ్యాక, కింద పిల్లలుండగా వదిలితే నిలిచేవి కొన్ని ఉంటాయి. కానీ ఆ పందెం మంచి పావురం మీద కాయడం తెలివైన పని కాదని మా అభిప్రాయం. ఆ నాలుగింటినీ బందీ జతలుగా ఉంచి పిల్లలు తీయండి. వాటికి గాలి, ఎండ తగిలే జాలి వరండా ఒకటి, కనీసం 6 అడుగుల పొడవు, గూటికి ఆనించి కట్టండి. పుట్టే పిల్లలకు మాత్రం మహబూబ్‌నగరే ఇల్లు.

పిల్లను తల్లిదండ్రుల నుంచి 25–28 రోజులకు విడదీయాలి. రెక్క ఎత్తి చూస్తే చంక కింద ఈకలు నిండి ఉండాలి. చర్మం కనిపిస్తుంటే ఇంకో రెండు రోజులు ఆగండి. విడదీసిన రోజున ప్రతి పిల్ల ముక్కునూ ఒకసారి నీళ్లలో ముంచండి. నీళ్లెక్కడున్నాయో తెలియక మొదటి రెండు రోజుల్లో వాడిపోయే పిల్లలు చాలా ఉంటాయి. మొదటి వారం వాటికి మీరు నేర్పాల్సింది ఒక్కటే: డబ్బాలో గింజలు గలగలలాడిస్తే మేత. రోజూ అదే డబ్బా, అదే చప్పుడు, అదే మనిషి.

30–35 రోజుల వయసులో, ఇంకా పైకి బలంగా ఎగరలేని దశలోనే, దిగే పలక మీద జాలి బోను పెట్టండి. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు చాలు. సాయంత్రం మేతకు ముందు గంటసేపు పిల్లల్ని అందులో కూర్చోబెడితే చుట్టుపక్కల డాబాలు, నీళ్ల ట్యాంకులు, వేప చెట్లు అన్నీ చూసుకుంటాయి. తర్వాత డబ్బా ఆడించి బాబ్ వైర్ల గుండా లోపలికి పిలవండి. ఈ తీగలు రెండంగుళాల ఎడంతో వేలాడుతూ లోపలికే తెరుచుకోవాలి. మొదటి రెండు రోజులు తీగలు పైకి కట్టేసి ఖాళీ దారి చూపించండి, మూడో రోజు సగం దించండి, ఆ తర్వాత పూర్తిగా. ఇలా వారం రోజులు.

బోను తీసేసే రోజున పొద్దున సగం మేతే పెట్టండి. సూర్యాస్తమయానికి గంట ముందు తలుపు తెరిచి మీరు పక్కకు తప్పుకోండి. చేత్తో గాల్లోకి విసరడం, చప్పట్లు కొట్టడం అసలు వద్దు. బెదిరి లేచిన పిల్ల ఏ దిక్కు పోతోందో చూసుకోదు. గాలి దుమారం రోజున, మబ్బు కమ్మిన రోజున తెరవకండి. ఆలస్యం చేయడం కూడా తప్పే. 50 రోజులు దాటిన పిల్లను మొదటిసారి వదిలితే రెక్కలో బలం ఉంటుంది, ఇల్లు మాత్రం తెలియదు. పోగొట్టుకునేది ఎక్కువగా ఇలాంటి పిల్లల్నే.

గుంపు గంటసేపు ఆగకుండా తిరుగుతోందంటే, సుమారు మూడు నెలల వయసులో, బుట్ట శిక్షణ మొదలుపెట్టొచ్చు. 2, 5, 10, 20, 40 కిలోమీటర్లు, ఒకే దిక్కుకు. మీకు దక్షిణం వైపు భూత్పూర్, అడ్డాకుల, కొత్తకోట, పెబ్బేరు వరుసగా 44వ జాతీయ రహదారి మీదే వస్తాయి, బండి మీద తీసుకెళ్లడానికి వీలు. ఖాళీ కడుపుతో తీసుకెళ్లి, బుట్టను పావుగంట నేల మీద పెట్టి, అవి ఆకాశం చూశాక తెరవండి. కరెంటు తీగలకు దూరంగా ఉన్న చేను గట్టు మంచిది. ఒక దూరం నుంచి గుంపంతా తిన్నగా వచ్చేదాకా తర్వాతి దూరానికి పోవద్దు.

*ప్రశ్న: ఆల్బెండజోల్ పశువులకు వేస్తాం, పిల్లలకూ బడిలో వేస్తారు. పావురాలకు పురుగుల మందుగా వేయొచ్చా? – నారాయణపేట పాఠకుడు*

జవాబు: వేయొద్దు. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ రెండూ పావురాలకు విషమే. ఎముక మూలుగు దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. ఈకలు వచ్చే కాలంలో అయితే కొత్త ఈకలు వంకరగా, సన్నగా వస్తాయి. ఆవుకూ గొర్రెకూ మంచిదైనంత మాత్రాన పిట్టకు మంచిది కాదు. ముందు మూడు నాలుగు పావురాల తాజా రెట్ట చిన్న డబ్బాలో వేసి పశువైద్యశాలలో పరీక్ష చేయించండి. ఏలికపాములుంటే పైరంటెల్ లాంటి మందు డాక్టరు రాసిస్తారు. పురుగు లేనప్పుడు ఏ మందూ అవసరం లేదు.

*ప్రశ్న: డాబా మీద రేకుల గూడు. పోయిన మే నెలలో గుడ్లలోనే పిల్లలు చచ్చిపోయాయి. పెద్దవి నోరు తెరిచి రొప్పుతూ ఉంటాయి. కూలర్ పెట్టమంటారా? – నల్గొండ పాఠకురాలు*

జవాబు: కూలర్ తర్వాత, ముందు రేకు సంగతి చూడండి. మన దగ్గర మేలో బయట నీడలో 43, 44 డిగ్రీలుంటే రేకు కింద అంతకంటే బాగా ఎక్కువ. కాలేది పైనుంచి కాబట్టి పైనే ఆపాలి. రేకు మీద రెండు పూతలు సున్నం కొట్టండి. దాని మీద జొన్న చొప్ప గానీ తాటాకు గానీ అర అడుగు మందాన పరిచి తాళ్లతో కట్టండి. చొప్పకు నిప్పు భయం ఉంటుంది, పక్కన వైర్ల అతుకులు ఉండకూడదు. వానలు మొదలవగానే తీసేయాలి, లేకపోతే కుళ్లి ఎలుకలు చేరతాయి.

రెండోది గాలి. వేడి గాలి పైకి పోతుంది. పోవడానికి దారి లేకపోతే పావురాల తలల మీదే నిలుస్తుంది. కప్పు కింద గోడ పొడవునా అరడుగు ఖాళీ, నేల దగ్గర ఎదురు గోడకు అరడుగు ఖాళీ వదిలి, రెండింటికీ సన్న జాలి కొట్టండి. అగరబత్తి వెలిగించి కింద పెట్టి చూడండి, పొగ పై ఖాళీలోంచి బయటికి పోతుంటే సరిగ్గా కుదిరినట్టు. పడమటి వైపు మాత్రం గోనె పట్టా కట్టి మధ్యాహ్నం తడపండి. నీళ్లు నేల మీదకు కారకుండా చూసుకోండి. కూలర్ అయితే తడి గాలి మూసిన గదిలో నిండి, రెట్ట తడిసి, కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బును తెచ్చిపెడుతుంది. గాలి బయటికి పోయే దారి ఉన్నచోటే అది పనికొస్తుంది.

మట్టి గిన్నెలో నీళ్లు, రోజుకు మూడుసార్లు మార్చండి. పొద్దున 8 లోపు ఎగరడం అయిపోవాలి. వారానికి రెండుసార్లు 4 అంగుళాల లోతు తొట్టిలో స్నానం. పెట్ట తడిసిన రొమ్ము ఈకలతో గుడ్ల మీద కూర్చుంటే గుడ్డుకు కాస్త చెమ్మ అందుతుంది.

ఇక మీ అసలు సమస్య: ఏప్రిల్ మధ్య నుంచి జూన్ వానలు పడేదాకా పిల్లలు తీయకండి. ఈ మాట చాలామందికి నచ్చదు. కానీ ఆ రెండు నెలల్లో పుట్టిన పిల్లకు తల్లి పట్టే మేత కంటే వేడికి పోయేదే ఎక్కువ. పోతుల్నీ పెట్టల్నీ వేరు గదుల్లో పెట్టండి. గది లేకపోతే, గుడ్లు పెట్టగానే తీసి, వాటి చోట ప్లాస్టర్‌తో చేసిన నకిలీ గుడ్లు పెట్టండి. ఉత్తినే తీసేస్తే పది రోజుల్లో మళ్లీ పెడుతుంది, పెట్ట ఒంట్లో సున్నం కరిగిపోతుంది. ప్లాస్టర్ గుడ్ల మీద 18 రోజులు కూర్చుని, విసిగి దానంతటదే వదులుతుంది.

నోరు తెరిచి గొంతు అదరడం వేడిని బయటికి పంపే పద్ధతే, దానికి కంగారు పడక్కర్లేదు. రెక్కలు వాల్చి నిలబడలేకపోతే అది వడదెబ్బ. నీడకు తెచ్చి కాళ్లు, రెక్కల కింద మామూలు నీళ్లతో తడపండి. ఐసు నీళ్లు వద్దు. ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు ముందు పెట్టి, పావురం దానంతటదే తాగేలా చూడండి. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

*ప్రశ్న: రెండు పావురాలు మెడ వెనక్కి తిప్పేస్తున్నాయి. గింజను పొడిస్తే పక్కన పడుతోంది. నీళ్లలాంటి రెట్ట. వాతం అంటున్నారు, మెడకు నూనె రాస్తున్నాం. – దేవరకొండ పాఠకుడు*

జవాబు: వాతం కాదు. పావురాల పారామిక్సో వైరస్ గుర్తులు ఇవే: ముందు దాహం, నీళ్ల రెట్ట, తర్వాత మెడ తిరగడం, గింజకు గురి తప్పడం. సాల్మొనెల్లా అనే బాక్టీరియా జబ్బులోనూ మెడ తిరగొచ్చు. అందులో రెక్క కీలు వాస్తుంది, ఒక కాలు ఎత్తి నిలబడుతుంది. తేడా తేల్చుకోవడానికి, ఏదైనా చనిపోతే ఫ్రీజర్‌లో గడ్డకట్టించకుండా ఐసు మధ్య పెట్టి, అదే రోజు జిల్లా పశువైద్యశాలకో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకో చేర్చండి.

వైరస్‌కు మందు లేదు, సేవే వైద్యం. ఆ రెంటినీ వేరే గదిలో, మసక వెలుతురులో ఉంచండి. గింజల్ని 3 అంగుళాల లోతు గిన్నెలో నిండుగా పోయండి, గురి తప్పినా నోటికి ఏదో ఒకటి తగులుతుంది. అలా కూడా తినలేకపోతే నానబెట్టిన బఠాణీలు ఒక్కొక్కటి నోట్లో పెట్టాలి, పూటకు 20–25. తల కిందులవుతున్న పావురానికి తొట్టెడు నీళ్లు పెట్టకండి, మునిగి చనిపోతుంది. ఓపిక పట్టినవాళ్ల దగ్గర చాలా పావురాలు ఒకటిన్నర రెండు నెలల్లో తేరుకుంటాయి. కొన్నిటికి బెదిరినప్పుడు మెడ వంకర మిగిలిపోతుంది. ముందు బాగున్న పావురాల పని చూసి, చివర్లో జబ్బు గదికి వెళ్లండి. చెప్పులు, గరిటె వేరువేరుగా ఉండాలి.

మిగతావాటికి టీకా వేయించండి. కోళ్లకు కంట్లో వేసే లసోటా చుక్క పావురానికి గట్టి రక్షణ ఇవ్వదు. చర్మం కింద వేసే చంపిన వైరస్ టీకా కావాలి. మోతాదు సీసాను బట్టి డాక్టరు చెబుతారు. సూది ఎక్కడ గుచ్చాలో మాత్రం గుర్తుంచుకోండి: మెడ వెనక వైపు, భుజాలకు దగ్గరగా, సరిగ్గా నడిమధ్య, సూది మొన తోక వైపు ఉండేలా. పావురం మెడ పైభాగంలో చర్మం కింద రక్తనాళాల వల ఉంటుంది. అక్కడ గుచ్చితే రక్తం కారి నిమిషాల్లో పోవచ్చు. పిల్లలకు ఆరు వారాల వయసులో, మొదటిసారైతే 3–4 వారాలకు రెండో మోతాదు, ఆ తర్వాత ఏటా ఒకసారి. పందేలకు కనీసం నెల ముందే పూర్తి చేయండి. బయటి నుంచి వచ్చిన ప్రతి పావురాన్నీ, తప్పిపోయి మీ డాబా మీద దిగినదాన్ని కూడా, 30 రోజులు వేరుగా ఉంచాకే గుంపులో కలపాలి.

*ప్రశ్న: మార్కెట్‌లో కలిపిన పావురాల దాణా బస్తా బూజు వాసన వస్తోంది. ఇంట్లోనే కలుపుకోవాలంటే ఏవి ఎంత? – వనపర్తి పాఠకుడు*

జవాబు: మీ జిల్లాలో జొన్న, మొక్కజొన్న, పప్పు ధాన్యాలు ఇంటి ముందే దొరుకుతాయి, మంచి ఆలోచన. 10 కిలోలకు: జొన్నలు 3 కిలోలు, చిన్న గింజ మొక్కజొన్న 2, సజ్జలు 1, గోధుమలు 1, పెసలు 1, ఎండు బఠాణీ 1, నాటు శనగలు అర కిలో, కుసుమలు అర కిలో. ఇందులో మాంసకృత్తులు సుమారు 13 శాతం. ఎగిరే పావురానికి సరిపోతుంది. పిల్లలున్న జతలకు జొన్నలు 1 కిలో, మొక్కజొన్న అర కిలో తగ్గించి, పెసలు 1 కిలో, బఠాణీ అర కిలో పెంచండి. 15 శాతం దాటుతుంది. దూరపు పందేనికి మూడు రోజుల ముందు నుంచి పప్పు గింజలు తగ్గించి మొక్కజొన్న, కుసుమలు పెంచాలి. గంటల తరబడి ఎగిరేటప్పుడు పావురం కాల్చుకునేది కొవ్వును.

పావురానికి రోజుకు 30 గ్రాములు, రెండు పూటలుగా. 12 పావురాలుంటే 360 గ్రాములు. తూచి పెట్టండి, గిన్నెలో పోసి వదిలేయకండి. కొంచెం కొంచెం చల్లుతూ, మొదటి రెండు మూడు పావురాలు నీళ్ల వైపు నడవగానే ఆపేయండి. గిన్నెలో ఎప్పుడూ గింజలుంటే పావురం కుసుమలు ఏరుకుని జొన్న వదిలేస్తుంది, మీ పిలుపుకు దిగదు.

గింజ మంచిదో కాదో తేల్చడానికి మొలక పరీక్ష చేయండి. ఒక్కో రకం 20 గింజలు తడి గుడ్డలో చుట్టి మూడు రోజులు ఉంచండి. 18 మొలిస్తే మంచి గింజ. సగమే మొలిస్తే అది పాతదో, వేడెక్కిందో, తడిసిందో. మొక్కజొన్న మొలక వచ్చే మూతి దగ్గర ఆకుపచ్చ, నల్లటి బూజు ఉంటే బస్తా మొత్తం పక్కన పెట్టండి. ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కడిగినా, ఎండబెట్టినా పోదు. ఇప్పుడు మీ దగ్గరున్న బస్తా కోళ్లకు కూడా వేయొద్దు.

గింజలతో పాటు గ్రిట్ తప్పదు: నత్త గుల్లలు దంచినవి, ఎర్ర ఇటుక ముక్కలు పెసరగింజ సైజులో, కొంచెం బొగ్గు. ఉప్పు చిటికెడుకు మించొద్దు. వారానికి రెండుసార్లు పాతది పారేసి కొత్తది పోయండి.

*ప్రశ్న: వానాకాలం రాగానే తుమ్ములు, ఒక కన్ను తడి. జల్లు పడకుండా నాలుగు వైపులా టార్పాలిన్ కట్టాం. డాక్సీసైక్లిన్ బోరు నీళ్లలో వారం ఇచ్చినా తగ్గలేదు. – కోదాడ పాఠకుడు*

జవాబు: టార్పాలిన్ రెండు వైపులు విప్పండి. తడి రెట్ట నుంచి వచ్చే అమోనియా ముక్కు పొరను కోసేస్తుంది, ఆ పుండులోకే క్రిములు చేరతాయి. తలుపు తీసి పావురాల ఎత్తులో ముఖం పెట్టి చూడండి, మీ కళ్లు మండితే వాటికి రాత్రంతా అదే. జల్లు వచ్చే దిక్కుకు చూరు రెండడుగులు ముందుకు లాగండి, మిగతాది తెరిచి ఉంచండి. పావురాల సంఖ్య కూడా చూసుకోండి. 8 అడుగుల పొడవు, 6 వెడల్పు, 7 ఎత్తు ఉన్న గదికి 20 మించొద్దు. ఒక్కోదానికి అడుగు చదరం కూర్చునే గూడు సొంతంగా ఉండాలి.

మందు ఎందుకు పనిచేయలేదంటే, డాక్సీసైక్లిన్‌ను సున్నం పట్టేసుకుంటుంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, గూట్లో గ్రిట్ ఉంటే అది ఇంకా ఎక్కువ. పావురం మందు తాగింది గానీ అది రక్తంలోకి పోలేదు. డాక్టరు మళ్లీ ఇమ్మంటే ఆర్‌ఓ క్యాన్ నీళ్లలో కలపండి, ఆ రోజులన్నీ గ్రిట్ తీసేయండి, రోజూ కొత్తగా కలిపి నీడలో పెట్టండి.

*ప్రశ్న: ఈకల కింద చదునైన ఈగలు పరిగెత్తుతున్నాయి. పత్తికి కొట్టే మందు పలచగా చల్లొచ్చా? – సూర్యాపేట పాఠకుడు*

జవాబు: దయచేసి చల్లకండి. మోనోక్రోటోఫాస్ లాంటి పత్తి మందులు పక్షులకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. ఒక్క పూటలో గూడు ఖాళీ అవుతుంది.

అది పావురాల ఈగ. రక్తం తాగడమే కాక పావురాల మలేరియాను ఒకదాని నుంచి ఇంకొకదానికి చేరుస్తుంది. అందుకే పందెం పావురం పైకి బాగున్నా దూరం లాగలేక ఆగిపోతుంది. దీని బలహీనత ఒకటుంది: పిల్ల దశను నల్లటి ఆవగింజలాంటి గుళికగా గూటి చెత్తలో జారవిడుస్తుంది, అందులోంచి ఈగ రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ప్రతి 14 రోజులకు గూటి పుల్లలు, చెత్త తీసి కాల్చేస్తే కొత్త తరం పుట్టదు. మూడు నెలలు ఒక్కసారి కూడా తప్పకుండా చేయాలి. గూట్లో వేప పుల్లలు, ఎండు పొగాకు కాడలు వేయడం మంచి అలవాటు. ఉన్న ఈగలకు పక్షుల కోసం అమ్మే పెర్మెత్రిన్ పొడి డాక్టరును అడిగి, పెద్దవాటికి రెక్కల కింద, తోక మొదట్లో చిటికెడు. రెండు వారాల లోపు పిల్లలకు వద్దు.

పత్తి చేల మాట వచ్చింది కాబట్టి: జూన్, జూలైలో మందుతో శుద్ధి చేసి రంగు పూసిన విత్తనాలు చేలల్లో పడి ఉంటాయి, అవి కూడా విషమే. ఆ రెండు నెలలు ఆకలితో ఎక్కువసేపు బయట వదలకండి. పావు వంతు మేత వేసి వదిలి, అరగంటలో పిలిచేయండి.

*ప్రశ్న: చలికాలంలో డేగ రోజూ ఒకదాన్ని ఎత్తుకుపోతోంది. ఉచ్చు పెట్టొచ్చా? – అచ్చంపేట పాఠకుడు*

జవాబు: వద్దు. డేగలు వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న పక్షులు. జాలె డేగ చెట్ల చాటు నుంచి డాబా మీదకు దూసుకొస్తుంది, భైరి డేగ ఆకాశంలో పైనుంచి పడుతుంది. రెండూ మన టైమును కనిపెడతాయి. రోజూ 7 గంటలకే వదలకండి. ఒకరోజు 7, ఒకరోజు 10, ఒకరోజు సాయంత్రం 4, మధ్యలో ఒకరోజు అసలు వదలకుండా. ఈకలు రాలుస్తున్నవి, పిల్లలున్న పెట్టలు లోపలే ఉండాలి. గుంపు దిగగానే లోపలికి పోయే అలవాటు ఉంటే సగం నష్టం తగ్గుతుంది, డాబా గోడ మీద తీరిగ్గా కూర్చునేదే పోతుంది. సంక్రాంతికి ముందూ వెనకా ఓ వారం పూర్తిగా మూసేయండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా, పండగ తర్వాత కూడా చెట్లకూ తీగలకూ వేలాడుతూనే ఉంటుంది.

*ప్రశ్న: గూడు ఊడ్చిన రోజు సాయంత్రానికి మా అమ్మకు జ్వరం, పొడి దగ్గు, ఆయాసం. మర్నాటికి తగ్గుతుంది. పావురాల వల్లేనా? – కల్వకుర్తి పాఠకురాలు*

జవాబు: మీరు రాసిన వరసను బట్టి గట్టిగా అనుమానించాలి. రెట్ట, ఈకల ధూళి పడని వాళ్లకు ఊడ్చిన 4 నుంచి 8 గంటలకు ఇలాగే మొదలవుతుంది. ఒక రోజులో తగ్గుతుంది కదా అని వదిలేస్తే ఊపిరితిత్తులు గట్టిపడి, ఆ నష్టం తిరిగి రాదు. ఈ వారంలోనే ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి, ఇంట్లో పావురాలున్నాయని, ఎన్నేళ్లుగా ఉన్నాయో మొదటే చెప్పండి. చెప్పకపోతే మామూలు జ్వరంగా, ఆస్తమాగా వైద్యం జరిగే అవకాశం ఉంది.

అప్పటిదాకా అమ్మ గూట్లోకి వెళ్లకూడదు, ఆ గదిలో వేసుకున్న బట్టలు కూడా ఆమె ఉతకకూడదు. ఊడ్చేవాళ్లు ఎన్-95 మాస్కు పెట్టుకుని, చీపురుతో దుమ్ము లేపకుండా రేకు గరిటెతో రోజూ గీకి తీయాలి. గూటి మీదుగా వీచే గాలి పడక గది కిటికీలోకి వస్తోందేమో చూడండి. డాక్టరు పావురాల జబ్బేనని తేలిస్తే మాస్కుతో సరిపెట్టుకోవద్దు. పావురాలను వేరే ఇంటికి, బాగా చూసుకునేవారికి ఇచ్చేయండి. హోమర్లు ఎగిరి మీ డాబాకే తిరిగొస్తాయి కాబట్టి, వాటిని బయటికి వదలకుండా బందీ జతలుగానే ఉంచుకోమని తీసుకునేవారికి ముందే చెప్పండి.